యంత్రమునకు మాట నేర్పిన పంతులమ్మ: గ్రేసు హాపరు దొరసానిగారి జీవితము

ఏటేట ఈ సంచికయందు లోకప్రసిద్ధులలో నొకరి జీవితచరిత్రమును ప్రకటించుట మన పాఠశాలకు వాడుకయై యున్నది. మిషనెరీలును, కవులును, వైద్యులును, దేశసేవకులును ఈ పుటలయందు ఇదివరకే కానవచ్చిరి. ఈ యేడు మేము లెక్కలు చెప్పుకొని బ్రదికిన యొక పంతులమ్మ చరిత్రమును వ్రాయబూనితిమి. ఆమె కత్తి పట్టి యుద్ధము చేసినది కాదు. అయినను నౌకాసైన్యమున అడ్మిరలు పదవి నందెను. ఆమెకు ఇంజనీరు పట్టము లేదు. అయినను గణనయంత్రములకు, అనగా నేడు లోకమంతయు కంప్యూటరులని పిలుచు వానికి, మనుష్యుల మాట నేర్పినవారిలో మొదటి వరుసయందు నిలిచెను. పేరు గ్రేసు హాపరు. గ్రేసమ్మ యను పేరు మన సంఘములలో తరచుగా వినబడునదే గనుక, చదువరుల కీమె బొత్తిగా పరాయిదిగా తోచదని తలంచెదము.

ఈ చరిత్రము వ్రాయుటకు మాకు ప్రేరేపణ కలిగించినది తొమ్మిదవ తరగతిలోని యొక బాలిక. యంత్రములోని మాటలన్నియు ఇంగ్లీషు మాటలే కదా, ఇంగ్లీషు రాని యింట పుట్టినవారు దానితో నెట్లు మాటలాడవలెనని ఆమె యొకనాడు లేచి యడిగెను. తరగతిలో కొందరు నవ్విరి. మేము నవ్వలేదు గాని, తగిన యుత్తరము నప్పుడు చెప్పలేకపోతిమి. మేము ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలో కంప్యూటరునకు గుడ్డ కప్పి, గదికి తాళము వేసి యుంచెడివారు. దాని భాగముల పేర్లను నల్లబల్లపై బొమ్మ గీసి కంఠస్థము చేయించెడివారు. అట్లు నేర్చిన మేము ఆ బాలికకు ఏమి చెప్పగలము? తరువాత చదివి తెలిసికొన్న దానిలో కొంత యిచ్చట వ్రాయుచున్నాము.

గ్రేసు బ్రూస్టరు మర్రే 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీని అమెరికా దేశమందలి న్యూయార్కు నగరములో జన్మించెను. ముగ్గురు బిడ్డలలో ఆమె పెద్దది. తండ్రి వాల్టరు మర్రే భీమా వ్యాపారము చేయుచుండెను. తల్లి మేరీకి చిన్ననాటనుండి గణితముపై మక్కువ. కాని ఆడుబిడ్డకు లెక్క లెందుకను మాట ఆ కాలమున అమెరికాలోను మన పల్లెలలో వలెనే వినబడుచుండుటచే, ఆమెకు క్షేత్రగణితము మాత్రము, అదియును ప్రత్యేకానుమతిమీద, చదువుకొన వీలు కలిగెను. మాతామహుడు నగరమునకు ఇంజనీరు. ఆయన వీథులు కొలువబోవునప్పుడు మనుమరాలు ఎరుపు తెలుపు పట్టెల కొలకఱ్ఱ పట్టుకొని వెంట నడచుచుండెను. తండ్రికి రక్తనాళముల వ్యాధిచే రెండు కాళ్లును తీసివేయవలసి వచ్చెను. కొయ్యకాళ్లపై నడచుచున్న ఆ మనుష్యుడు, కొమరునకు వలెనే కూతుండ్రకును చదువు చెప్పించవలెననియు, తాను లేకున్నను వారు తమ కాళ్లపై తాము నిలువవలెననియు పట్టుబట్టెను.

ఆమెకు ఏడేండ్ల ప్రాయమున జరిగిన యొక సంగతిని ఆమె చరిత్రకారులందరును చెప్పుదురు. వారి వేసవి యింటిలో పడకగదు లన్నిటను కలిపి ఏడు అలారము గడియారము లుండెను. గంట యెట్లు మ్రోగునో చూడగోరి ఆ బిడ్డ ఒకదానిని విప్పెను. మరల బిగించుట తెలియలేదు. అది తెలిసికొనుటకై రెండవదానిని విప్పెను. దానికై మూడవదానిని విప్పెను. తల్లి వచ్చి చూచునప్పటికి ఏడును విప్పబడి యుండెను. తల్లి కొట్టలేదు, ఇకమీదట విప్పుటకు ఒక్క గడియారము మాత్రమే నీదని నిర్ణయించి యూరకుండెను. ఏడు గడియారములు పాడైన యింట అంత శాంతముగా నుండుట మాకు సాధ్యమగునో కాదో చెప్పజాలము.

ఇట్టి బుద్ధిమంతురాలు పరీక్ష తప్పి యుండదని బాలురు తలంతురేమో. తప్పెను. పదునారవ యేట వాస్సరు కళాశాలలో చేరగోరి లాటిను భాషలో తప్పిపోయెను. ఒక సంవత్సర మాగి, మరల చదివి, 1924లో చేరెను. అచ్చట గణితమును భౌతికశాస్త్రమును చదివి 1928లో పట్టము పొంది, యేలు విశ్వవిద్యాలయమున 1930లో ఎమ్.ఏ.యును, 1934లో డాక్టరు పట్టమును సంపాదించెను. ఆ నడుమ 1930లో విన్సెంటు హాపరు అను అధ్యాపకుని వివాహమాడెను. ఆ దాంపత్యము నిలువలేదు. 1945లో విడాకులతో ముగిసెను. బిడ్డలు లేరు. ఆయన యింటిపేరు మాత్ర మామెకు కడవరకు నిలిచెను.

1931లో, ఇంకను డాక్టరు పట్టము రాకమునుపే, తాను చదివిన వాస్సరు కళాశాలలోనే ఏటికి 800 డాలరుల జీతముపై ఉపాధ్యాయినిగా చేరెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ భాగము మిక్కిలి ప్రియమైనది గనుక ఇచ్చట కొంచెము నిలిచెదము. క్రొత్తగా వచ్చినవారికి ఎవరును ఒల్లని పాఠములు కట్టబెట్టుట మన దేశమందే గాక అచ్చటను కలదు. ఆమెకును అట్టివే వచ్చెను. సంభావ్యతాశాస్త్రము చెప్పవలసినప్పుడు పేకముక్కలను పాచికలను తరగతికి తెచ్చెను. మన మిషను పాఠశాలలో పేకముక్కలు తెచ్చిన ఉపాధ్యాయుని గతి యేమగునో చెప్పనక్కరలేదు; అయినను విద్యార్థినులు ఇతర శాఖలనుండి సైత మామె తరగతులకు వచ్చిరి.

ఆమె ఒక గణితసూత్రమును బోధించి, దానిని గూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని చెప్పెడిది. ఆ వ్యాసములలో భాషాదోషములను దిద్ది మార్కులు తగ్గించెడిది. ఇది లెక్కల తరగతియా, భాషా తరగతియా యని విద్యార్థినులు మొర పెట్టుకొనిరి. లెక్క తెలిసియు దానిని మరియొకరికి తెలియునట్లు చెప్పలేనివారికి ఆ లెక్కవలన ప్రయోజనము లేదని ఆమె వారికి బదులు చెప్పెను. పెద్దదైన తరువాత ఆమె యంత్రములతో చేసిన పని యంతయు ఈ తరగతిలోనే మొలక యెత్తినదని మా యభిప్రాయము.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధమునందు ప్రవేశించెను. ఆమె ముత్తాత నౌకాసైన్యమున రియరు అడ్మిరలుగా నుండెను. ఆమెయు ఆ సైన్యముననే చేరగోరెను. వయస్సు మించినదనియు, దేహము బరువు చాలదనియు పెద్ద లభ్యంతరపెట్టిరి. ఆమె యెత్తునకు తగిన బరువులో 15 పౌనులు తక్కువ యుండెను. గణితాధ్యాపకులను పోగొట్టుకొనుటకు ప్రభుత్వమునకును ఇష్టము లేకుండెను. ఆమె కళాశాలనుండి సెలవు పొంది, ప్రత్యేకానుమతి సంపాదించి, 1943లో నౌకాదళపు నిలువసైన్యమున చేరెను. శిక్షణలో తన తరగతికి మొదటిదిగా నిలిచి, 1944లో లెఫ్టినెంటుగా హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపబడెను. అప్పుడామె వయస్సు 37 ఏండ్లు.

అచ్చట మార్కు 1 అను గణనయంత్ర ముండెను. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. 23 అంకెలుగల సంఖ్యలను సెకనుకు మూడు చొప్పున కూడగలిగెడిది. నేడు పదవ తరగతి బాలుని జేబులోని సెల్‌ఫోను దానిని చూచి నవ్వును; ఆనాడు మాత్రము అట్టిది అమెరికాలో మరియొకటి లేదు. దాని యధికారి హవర్డు ఐకెన్. ఆడుపిల్లను పంపిరే యని మొదట మొగము చిట్లించెనట. వచ్చినదినముననే ఆమెకు త్రికోణమితికి సంబంధించిన గుణకములను లెక్కించు పని నప్పగించి, ఒక వారము గడువిచ్చెను. ఆమె అంతకుముందు గణనయంత్రమును కంటితో చూచినది కాదు. తోటివారైన ఇద్దరు యువకులయొద్ద నేర్చుకొని ఆ పని నిర్వహించెను. తరువాత ఐకెన్ ఆమెచేతనే ఆ యంత్రము నుపయోగించు విధమును గూర్చి 500 పుటలకు మించిన గ్రంథమును వ్రాయించెను. అది 1946లో అచ్చయ్యెను. వ్రాయుట రాదని ఆమె చెప్పగా, ఇప్పుడు నీవు నౌకాసైన్యములో నున్నావని ఆయన జ్ఞాపకము చేసెనని చెప్పుదురు.

ఈ యంత్రముతో మనుష్యుడు మాటలాడు విధమెట్టిది? కాగితపు పట్టీకి రంధ్రములు పొడిచి యీయవలెను. ప్రతి చిన్న పనికిని రంధ్రముల వరుస యొకటి. ఒక్క రంధ్రము తప్పినచో లెక్క యంతయు తప్పును. హాపరమ్మయు ఆమె తోటివారును ఒకసారి సరిపోయిన ఆజ్ఞల వరుసలను నోటుపుస్తకములలో వ్రాసికొని, మరల కావలసినప్పుడు ఒకరి పుస్తకమునుండి యొకరు చూచి వ్రాసికొనుచుండిరి. అందే తప్పులు దొరలెను. మనుష్యులు అంకెలను కూడుటలోను, చూచి వ్రాయుటలోను నమ్మదగినవారు కారని ఆమె కనిపెట్టెను. నాలుగును డెల్టాయును, బి అను అక్షరమును పదుమూడును ఒకరి చేవ్రాతనుండి యొకరు చదువుచుండగా నొకటే యగుచుండెను. మా తరగతి నోటుపుస్తకములు దిద్దినవారెవరును ఈ మాటను కాదనరు.

ఇచ్చట ఒక సంగతిని దాటిపోవుట న్యాయము కాదు. 1944లో వాన్ నాయ్‌మన్ అను గొప్ప గణితజ్ఞుడు ఆ యంత్రముపై ఒక లెక్క చేయింప వచ్చెను. అది యెందులకో పనిచేసినవారికి చెప్పబడలేదు. లోపలివైపునకు కుదించు ప్రేలుడును గూర్చిన లెక్క యది. 1945 ఆగస్టు 9వ తేదీని నాగసాకి పట్టణముపై పడిన అణుబాంబు ఆ రీతిదే. తెలియక చేసిన లెక్కకు లెక్క చేసినవారు ఎంతవరకు ఉత్తరవాదులో మేము తీర్పు చెప్పజాలము. బాలురు తమలో తాము చర్చించుకొనదగిన ప్రశ్నయే యిది.

యుద్ధానంతరమున మార్కు 2 అను యంత్రమున జరిగిన పురుగు కథ లోకములో మిక్కిలి వ్యాపించినది. 1947 సెప్టెంబరు 9వ తేదీని యంత్రము తప్పుగా పనిచేయగా, విప్పి చూచినవారికి ఒక మీటలో చిక్కుకొని చచ్చిన చిమ్మట కనబడెను. దానిని దినచర్య పుస్తకములో అంటించి, నిజమైన పురుగు దొరకినదని వ్రాసిరి. యంత్రదోషమును బగ్గు, అనగా పురుగు, అని పిలుచుట అప్పుడే పుట్టినదనియు, హాపరమ్మయే ఆ చిమ్మటను పట్టెననియు అనేక పుస్తకములలో నున్నది. అది సరికాదు. ఆ మాట ఎడిసను కాలమునుండియే ఇంజనీరులలో కలదు. చిమ్మటను పట్టినవారును ఇతరులు. ఆమె ఆ కథను ఎల్లవారికిని రసవత్తరముగా చెప్పుచు వచ్చుటచే అది ఆమె పేరనే నిలిచెను. ఆ చిమ్మట నేటికిని వాషింగ్టనులోని స్మిత్సోనియను ప్రదర్శనశాలవారి యొద్ద భద్రముగా నున్నది.

హార్వర్డులో ఆమెకు స్థిరమైన యుద్యోగము దొరకలేదు. 1949లో ఫిలడెల్ఫియా నగరమున ఎకర్టు, మాక్లీ యను నిరువురు స్థాపించిన సంస్థలో గణితజ్ఞురాలుగా చేరెను. ఈ కాలమున ఆమె త్రాగుడునకు లోబడెను. యుద్ధకాలపు శ్రమయు, ఒంటరితనమును కారణములని చరిత్రకారులు చెప్పుదురు. స్నేహితుడొకడు మొగమోటము లేక ఉత్తరము వ్రాసి హెచ్చరించెను. ఆమె మరల పనిలో నిలదొక్కుకొనెను. ఈ సంగతిని పిల్లల పత్రికలో వ్రాయవచ్చునా యని సందేహించితిమి; మన యూళ్లలో ఏ యింటికిని తెలియని విషయము కాదు గనుక వ్రాసితిమి.

ఆ సంస్థ నిర్మించిన యంత్రమునకు యూనివాకు అని పేరు. 1951లో మొదటిది అమెరికా జనగణనశాఖకు చేరెను. హాపరమ్మ చేసిన ముఖ్యకార్యము ఈ యంత్రముమీదనే జరిగెను. దానిని మన వంటయింటి మాటలతో చెప్పుటకు యత్నించెదము. పప్పునకు పోపు పెట్టుమని తల్లి కూతునకు చెప్పును. ఆ ఒక్క మాటలో గరిటె కాచుట, నూనె పోయుట, ఆవాలు చిటపటలాడువరకు ఆగుట, ఎండుమిరపకాయ త్రుంచి వేయుట, కరివేపాకు వేయుట అన్నియు ఇమిడి యున్నవి. ప్రతిదినమును ఇవన్నియు విప్పి చెప్పవలసి వచ్చినచో ఏ తల్లియు వంట నేర్పజాలదు. గణనయంత్రమునకు మాత్రము ఆనాటివరకు ప్రతిసారియు అన్నియు విప్పి చెప్పుచుండిరి. హాపరమ్మ ఏమి చేసెననగా, సరిపోయిన ఆజ్ఞావళుల నన్నిటిని అయస్కాంతపు నాడాపై నిలువచేసి, ఒక్కొక్కదానికి ఒక పిలుపు పేరు పెట్టెను. మనుష్యుడు పేరు చెప్పిన చాలును. ఆ పేరునకు చెందిన ఆజ్ఞలను వెదకి తెచ్చి, వరుసగా కూర్చి, అతికించుకొను పని యంత్రముదే. పోపు అనగా నేమో యంత్రమునకు ఒకసారి నేర్పుట యన్నమాట. ఈ కూర్పరికి కంపైలరు అని పేరిడెను. మొదటిది 1951, 1952 సంవత్సరములలో తయారయ్యెను.

అందులో ఒక చిక్కు వచ్చెను. యంత్రము ఆజ్ఞలను కూర్చుకొనుచు పోవునప్పుడు, ఇంకను కూర్చబడని ముందటి చోటికి దూకవలసిన యవసర మొక్కొక్కప్పుడు కలుగును. ఆ చోటు ఎక్కడ పడునో అప్పటికి తెలియదు. హాపరమ్మకు కళాశాలలో తా నాడిన బాస్కెటుబాలు జ్ఞప్తికి వచ్చెను. ఆ కాలపు స్త్రీల ఆటలో బంతితో పరుగెత్తరాదు. బంతిని తోటిదానికి అందించి, తాను ముందునకు పోయి, మరల అందుకొనవలెను. ఆమె యంత్రపు జ్ఞాపకములో ఒక మూలను ఖాళీగా నుంచి, దూకవలసినదానిని మొదట ఆ మూలకు పంపి, గమ్యము తెలిసిన తరువాత అచ్చటనుండి గమ్యమునకు అందించు ఏర్పాటు చేసెను. ఆటస్థలమున గడపిన సాయంకాలములు వ్యర్థమని తలంచు తలిదండ్రులకు ఈ సంగతి తెలియుట మంచిది.

1952 మే నెలలో పిట్స్‌బర్గు నగరమున జరిగిన విద్వత్సభలో ఆమె తన పద్ధతిని గూర్చి ఒక వ్యాసము చదివెను. యంత్రమునకు విద్య చెప్పుట అని దాని పేరున కర్థము. పంతులమ్మ పెట్టిన పేరు! కాని చాలకాలము ఎవరును నమ్మలేదు. యంత్రము కూడికలు తీసివేతలు చేయును గాని, తన ఆజ్ఞలను తానే వ్రాసికొనదని పెద్దలు వాదించుచుండిరి. పనిచేయుచున్న కంపైలరు ఎదుట నుండగనే ఆ మాట చెప్పిరి.

ఇక మా తరగతి బాలిక ప్రశ్నకు సమీపించుచున్నాము. వర్తకుల లెక్కలు చూచువారికి గణితచిహ్నము లనిన భయమని హాపరమ్మ గమనించెను. వారిని చిహ్నములు నేర్చుకొమ్మని నిర్బంధించుట కంటె, వారు దినదినము వాడు మాటలనే యంత్రమునకు నేర్పుట సులభమని ఆమెకు తోచెను. 1955 ప్రాంతమున, ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు వ్రాయు ఒక చిన్న నమూనాను సిద్ధము చేసి సంస్థ పెద్దలకు చూపెను. అంతటితో నూరకుండక, అవే యాజ్ఞలను ఫ్రెంచి మాటలతోను, జర్మను మాటలతోను వ్రాసి, యంత్రము వానిని సైతము నిర్వహించుటను చూపెను. మాటలు ఏ భాషవైనను యంత్రమునకు గుర్తులు మాత్రమే, గుర్తు మార్చిన చాలునని ఆమె చూపదలచిన సంగతి. ఫలితము విపరీతమయ్యెను. ఫిలడెల్ఫియాలో చేసిన అమెరికా యంత్రమునకు ఫ్రెంచియు జర్మనును ఎట్లు వచ్చునని పెద్దలు బెదరిపోయిరి. ఇంగ్లీషు మాత్రమే ఉంచెదమని నచ్చజెప్పుటకు ఆమెకు నాలుగు నెలలు పట్టినది.

ఇంగ్లీషు యంత్రమునకు మాతృభాష కాదు. యంత్రమునకు మాతృభాషయే లేదు. అది మొదట నేర్పినవారి భాష గనుక నిలిచిపోయినది. ఫ్రెంచి పనికివచ్చిన చోట తెలుగును పనికివచ్చి యుండును. ఈ మాటను మేము ఆ బాలికకు తరువాత చెప్పితిమి. ఆమె తృప్తి పొందలేదు. అట్లయిన మన భాషలో ఎవరును ఎందుకు నేర్పలేదని మరల నడిగెను. దానికి మేము ఇద్దరి పేర్లు చెప్పితిమి. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పి, మన దేశమందే గణనయంత్రములను తయారుచేయించిరి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో యంత్రమునకు మనుష్యుని నోటిమాటను గ్రహించుట నేర్పి, 1994లో ట్యూరింగు బహుమానమును పొందిరి. నేడు సెల్‌ఫోనునకు తెలుగున చెప్పిన మాట తెలియుచున్నది. కాని ఆజ్ఞలు వ్రాయు భాషలు మాత్రము ఇంకను ఎక్కువగా ఇంగ్లీషు మాటలతోనే యున్నవి. ఆ బాలిక ప్రశ్న యింకను తీరలేదని ఒప్పుకొనవలెను.

హాపరమ్మ ఇంగ్లీషు మాటల భాషకు ఫ్లోమాటికు అని పేరు. ఇంతలో ప్రతి యంత్రనిర్మాత తన యంత్రమునకు తన భాష కల్పించుకొనుచుండెను. బాబెలు గోపురపు కథ తెలిసిన మన చదువరులకు ఆ గందరగోళమును వేరుగ వర్ణింపనక్కరలేదు. ఒక యంత్రమునకు వ్రాసిన లెక్క మరియొక యంత్రమునకు తెలియదు. 1959 మే నెలలో అమెరికా రక్షణశాఖవారి యాదరమున నిర్మాతలును ఉపయోగించువారును కూడి, వ్యాపారపు లెక్కలకు అందరికిని ఒకే భాష యుండవలెనని తీర్మానించిరి. అట్లు పుట్టినది కోబోలు భాష. 1960 డిసెంబరులో ఒకే లెక్క రెండు వేరువేరు నిర్మాతల యంత్రములపై నడచెను. హాపరమ్మను దీనికి తల్లి యని లోకము పిలుచును. న్యాయముగా చెప్పవలెనన్న, దానిని వ్రాసినది ఒక సంఘము. అందులో జీన్ సామెట్ మొదలైన స్త్రీలును పురుషులును పనిచేసిరి. హాపరమ్మ సలహాదారు మాత్రమే. అయినను ఆ భాష యెక్కువగా ఫ్లోమాటికు అచ్చులో పోసినదే.

తహశీలుదారుడై లెక్క అప్పగింపలేక గోలకొండ చెరలో పడిన కంచెర్ల గోపన్న పుట్టినది మన నేలకొండపల్లిలోనే. లెక్క యనగా మనుష్యుని జీవితమే యని ఈ యూరివారికి వేరుగ బోధింపనక్కరలేదు. కోబోలు అట్టి లెక్కల భాష: జీతములు, వడ్డీలు, పన్నులు, భీమాలు. పండితులలో కొందరికి అది నచ్చలేదు. డైక్‌స్ట్రా అను డచ్చి పండితుడు 1975లో, దానిని నేర్పుట విద్యార్థుల బుద్ధికి హానికరమని తీవ్రముగా నిందించెను. మాటలు ఎక్కువ, పొందిక తక్కువ యను ఆయన వర్గపువారి యాక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయినను లెక్క వ్రాసినవాడే గాక, దానిని చూచు గుమాస్తాయు చదివి గ్రహింపగలుగుట చిన్న మేలు కాదని మాకు తోచుచున్నది. నేటికిని అనేకములైన బ్యాంకుల లెక్కలు దానిపైననే నడచుచున్నవి.

ఆ భాషవలన తెలుగువారికి ఒక చిత్రమైన లాభము కలిగెను. పూర్వము యంత్రపు జ్ఞాపకము మిక్కిలి ఖరీదైనది గనుక, సంవత్సరమును నాలుగంకెలతో గాక కడపటి రెండంకెలతో వ్రాయుచుండిరి. 2000వ సంవత్సరము రాగానే రెండు సున్నలను యంత్రము 1900గా గ్రహించి లెక్కలు తారుమారు చేయునని 1990 తరువాతి యేండ్లలో లోకము భయపడెను. పాత కోబోలు లెక్కల నన్నిటిని దిద్దువారు కావలసివచ్చిరి. హైదరాబాదులోని అమీరుపేటలో కోబోలు నేర్పు శిక్షణాలయములు వెలసెను. పల్లెటూళ్లనుండి వచ్చిన తెలుగు యువకులు అచ్చట నేర్చుకొని వేలకొలది అమెరికాకు పోయిరి. అట్టివారిలో పలువురు మొదట నేర్చినది ఈ పంతులమ్మ నాటిన భాషయే.

1966 అంతమున వయస్సు మించినదని నౌకాసైన్యమువా రామెను విరమింపజేసిరి. అది తనకు మిక్కిలి దుఃఖదినమని ఆమె చెప్పుకొనెను. ఏడు నెలలు గడచునప్పటికి, సైన్యమందలి కోబోలు భాషలు ఒక్కొక్కచోట నొక్కొక్క రీతిగా మారిపోవుటచే, వానిని ఏకరీతికి తెచ్చుటకు 1967 ఆగస్టులో ఆమెనే మరల పిలిచిరి. ఆరు నెలల కని పిలిచిన పిలుపు 19 సంవత్సరములు సాగెను. 1973లో కెప్టెనుగాను, 1983లో కమడోరుగాను హెచ్చింపబడి, 1985లో రియరు అడ్మిరలు బిరుదు పొందెను. ముత్తాత పదవికే ఆమెయు ఎక్కెను. 1986 ఆగస్టు 14వ తేదీని బోస్టను రేవులో కాన్‌స్టిట్యూషను అను పురాతన యుద్ధనౌకపై ఆమె విరమణోత్సవము జరిగెను. అప్పు డామె వయస్సు 79 ఏండ్లు. కొలువులో నున్న నౌకాధికారులలో ఆమెయే వృద్ధురాలు.

ఈ వృద్ధాప్యమున ఆమె దేశమంతట తిరిగి ఉపన్యాసము లిచ్చుచుండెను. ఎప్పటినుండియో అట్లే జరుగుచున్నదను సమాధాన మామెకు గిట్టదు. తన కచేరీ గోడకు వెనుకకు తిరుగు గడియారమును తగిలించెను. అందులోను కాలము సరిగానే తెలియును, అలవాటు మాత్రము మారవలెను. తాను చేసిన యంత్రకార్యము లన్నిటికంటె తాను తరిఫీదు చేసిన యువజనులే తనకు మిన్న యని ఆమె తలంచెను.

ఆమె తీగల కథ చెప్పి ముగించెదము. యంత్రములు సెకనులో నూరుకోట్లవ భాగముతో కాలమును కొలుచును. దానిని నానోసెకండు అందురు. అంత చిన్న కాల మెట్టిదో ఆమెకు మనస్సునకు రాలేదు. దానిని కోసి పంపుమని ఇంజనీరుల నడిగెను. వెలుగు ఆ కాలములో పోగలిగిన దూరము 11.8 అంగుళములు. వారు ఆ పొడవున తీగముక్కలు కోసి పంపిరి. ఉపగ్రహముద్వారా వచ్చు వార్తకు ఇంత ఆలస్య మెందుకని అడుగు సేనాధిపతులకు ఆ ముక్కను చూపి, భూమికిని ఉపగ్రహమునకును నడుమ ఇట్టివి చాల కలవని చెప్పెడిది. పోల్చి చూపుటకు మైక్రోసెకండు తీగను చుట్టగా చుట్టి తెచ్చెడిది. దాని పొడవు 984 అడుగులు. వేలకొలది తీగముక్కలను సభలలో పంచిపెట్టెను.

1991లో అమెరికా ప్రభుత్వము ఆమెకు జాతీయ సాంకేతిక పతకము నిచ్చెను. 1992 జనవరి 1వ తేదీని, 85వ యేట, వర్జీనియా రాష్ట్రములోని ఆర్లింగ్టనులో నిద్రలోనే కన్నుమూసెను. సైనికమర్యాదలతో అచ్చటి జాతీయ శ్మశానవాటికయందు భూస్థాపితము చేసిరి. ఆమె పేర ఒక యుద్ధనౌక 1997లో కొలువునకు వచ్చెను. 2016లో మరణానంతరము అధ్యక్షుని స్వాతంత్ర్యపతకము ప్రసాదింపబడెను.

గత జనవరిలో మేము విద్యుత్తు సామానుల అంగడిలో సన్నని తీగ కొనివచ్చి, 30 సెంటీమీటరులకు కొంచెము తక్కువగా ముక్కలు కోసి, తొమ్మిదవ తరగతిలో పంచితిమి. వెలుగు సూర్యునినుండి మన నేలకొండపల్లికి వచ్చుటకు ఇట్టి ముక్కలెన్ని కావలెనో లెక్క వేయుమని చెప్పితిమి. కొందరు సున్నలు లెక్కింపలేక కాగితము వదలివేసిరి. ఆ బాలిక మాత్రము సాయంకాలపు గంట కొట్టిన తరువాతను బల్లవద్దనే కూర్చుండి లెక్కించెను. మరునాడు తీగలు తిరిగి లెక్కింపగా ఒకటి తక్కువ వచ్చెను, మేము అడుగలేదు.